చుక్క నీరు చొరని డబ్బా

పోయిన మార్చిలో మా మనుమరాలూ, ఆమె పెనిమిటీ ఖమ్మం నుంచి కారు వెనకాల ఒక చిన్న బండిని తగిలించుకుని వచ్చి మణుగూరులో మా ఇంటి ముందు దిగారు. అడవుల్లో, రాళ్ళలో, గుంతల్లో ఎక్కడికంటే అక్కడికి లాక్కుపోయి అందులోనే వండుకుని అందులోనే పడుకోవచ్చునట, దాన్ని క్యాంపింగ్ ట్రైలర్ అంటారట, ఆరు నెలలపాటు ఇద్దరూ కూర్చుని బొమ్మ గీసుకుని ఒక షెడ్డులో దగ్గరుండి చేయించుకున్నారట. మా కాలంలో అడవిలో పడుకోవడమంటే ఉద్యోగం తెచ్చిపెట్టిన బాధ, ఇప్పుడది సెలవు పెట్టి మరీ చేసుకునే సరదా. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని నవ్వుతూనే చెప్పులేసుకుని చూడబోయాను. "అమ్మమ్మా, నువ్వు డ్రాయింగ్ ఆఫీసుల చేసినవు గదా, తప్పులుంటే చెప్పు. ఒక్క చుక్క నీళ్ళు గూడ లోపలికి రావు తెలుసా" అంటూ మనుమరాలు దాని పక్కన అరచేత్తో చరిచింది. బోలుగా ఒక చప్పుడు వచ్చింది. నేను వంగి, ఈ మోకాళ్ళతో ఎలా వంగానో నాకే తెలియదు, బండి అడుగున చెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమాను. ఎక్కడా సందు లేదు, బెజ్జం లేదు. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని అబద్ధమాడి లోపలికి వచ్చి మంచం మీద కూలబడ్డాను.

ముప్పై నాలుగేళ్ళ కింద అలాంటి బండికి నేనూ బొమ్మ గీశాను. అప్పుడు నేను ఇక్కడి గనుల వర్క్‌షాపులో ట్రేసర్‌ని. ట్రేసర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన బొమ్మలను మేము పల్చటి ట్రేసింగ్ కాగితం మీద సిరాతో దించేవాళ్ళం, తప్పు పోతే బ్లేడుతో కాగితం చిరగకుండా సిరాను గీకేవాళ్ళం, ఆ పైన అవి నీలం ప్రింట్లయి అమ్మోనియా కంపు కొడుతూ వర్క్‌షాపులోకి పోయేవి. ఆ కంపు కొంగుకు పట్టి ఇంటికి కూడా వచ్చేది. అంతమంది మగవాళ్ళలో నా ఒక్కదాని గీత మాత్రమే వెంట్రుకంత కూడా వంకర పోదని పేరు. ఆ పేరు నాకు కొంచెం తలకెక్కింది కూడా, అబద్ధమెందుకు!

మా తమ్ముడిది మలేరియా ఉద్యోగం. జీపులో భద్రాచలం వంతెన దాటి దుమ్ముగూడెం వైపు అడవి పల్లెలన్నీ తిరిగి, జ్వరమున్న వాళ్ళ వేలు పొడిచి రక్తపు చుక్కను గాజు పలక మీద పట్టుకొచ్చేవాడు. పోతే నాలుగైదు రోజులకు గానీ తిరిగి వచ్చేవాడు కాదు, ఎవరి వసారాలోనో, ఏ బడి గోడ పక్కనో పడుకునేవాడు. దోమల మీద ఉద్యోగం చేసేవాడు దోమలకే ఆహారమయ్యాడు అని నేను ఎగతాళి చేసేదాన్ని గానీ, రెండుసార్లు జ్వరం వచ్చి లేచాక మూడోసారి అది మెదడుకెక్కి దవాఖానాలో వాడు నన్నే గుర్తుపట్టని నాడు ఆ ఎగతాళి నా నోట్లోనే ఎండిపోయింది. అప్పటికి వాడికి పెళ్ళయి రెండేళ్ళు. మా మరదలు మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుని, "వదినె, ఈయన్ని ఇంక అడవికి పంపకు" అని నన్ను అడిగింది, ఏదో నేనే పంపుతున్నట్టు.

వాడు ఉద్యోగం మానడని నాకు తెలుసు. అందుకే, మానకపోతే మానకపోనీ, దోమ చొరబడలేని ఒక ఇల్లే వాడి వెంట పంపిస్తాననుకున్నాను. జీపు వెనకాల తగిలించే డబ్బా, ఏడడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, లోపల ఒక మనిషి కాళ్ళు చాపి పడుకోవాలి, గాజు పలకల పెట్టెకు అర ఉండాలి, వెనక తలుపు పైకి లేస్తే దాని నీడన పొయ్యి పెట్టుకోవాలి. జీపు చక్రాల జాడలోనే దీని చక్రాలూ పోవాలని పాత జీపు ఇరుసునే తెచ్చి, కుదుపులు మింగే దాని కమాన్ పట్టీల్లో రెండేసి తీసేయించాను, లేకపోతే ఖాళీ డబ్బా గుంత గుంతకూ ఎగిరెగిరి పడుతుంది. ఆదివారం ప్రార్థన కాగానే తమ్ముడూ, వాడి స్నేహితుడైన ఒక వెల్డరూ మా పెరట్లో పని పట్టేవాళ్ళు, మరదలు చాయ్ పెట్టేది, నేను బొమ్మ పట్టుకుని ఇద్దరి నెత్తినా నిలబడేదాన్ని. "గిది బండి గాదక్కా, మహారాజుల మంచం" అని తమ్ముడు నవ్వేవాడు. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన ఆదివారాలు మళ్ళీ లేవు.

మా పక్కింట్లో ఎడ్లబండ్లు చేసే వడ్రంగి తాత ఉండేవాడు. ఒకరోజు గోడ మీద నుంచి చాలాసేపు చూసి, "అడుగు సందులు పెట్టలేదేంది బిడ్డా? వాగులు దాటే బండికి కింద సందులుండాలె. నీళ్ళను ఆపేటిది కుండ, పోనిచ్చేటిది బండి" అన్నాడు. ఆ సందుల్లోంచే గదా తాతా దోమలొచ్చేది అని నేను నవ్వేశాను. అయినా పెద్దల మాట చద్దిమూట అంటారు కదా, ఆ మాట మనసులో పడి, మర్నాడు ఆఫీసులో కూర్చుని అడుగు రేకుకు అరచేయంత బెజ్జాలు రెండు గీశాను, మూతలు కూడా గీశాను. ఆ వారమే తమ్ముడు అడవి నుంచి మళ్ళీ వణుకుతూ వచ్చాడు, మూడు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. మూత పెట్టడం మరిచిపోతే? మూత పక్కన వెంట్రుకంత ఖాళీ ఉంటే? బ్లేడు తీసుకుని ఆ రెండు బెజ్జాలనూ గీకేశాను. కాగితం చిరగలేదు, నా చెయ్యి అంత మంచిది మరి. నా చదువు మండ!

అడుగున ఒకే రేకు, అతుకుల మీద తారు, తలుపు చుట్టూ పాత కారు రబ్బరు, పైన గాలికి సన్నటి ఇత్తడి జాలీ. అంతా అయ్యాక నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు బిగించి, బయట నుంచి బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. చీకట్లో తారు వాసన మధ్య, చేతిలో ఒక తెల్ల కాగితం పట్టుకుని కూర్చున్నాను. చుట్టూ నీళ్ళ మోత, మధ్య మధ్య తమ్ముడు రేకు మీద తట్టి అక్కా ఉన్నవా అని అడగడం. బయటికి వచ్చి పొడిగా ఉన్న కాగితాన్ని జెండాలాగా ఊపాను. అందరం చప్పట్లు కొట్టుకున్నాం.

ఎండాకాలమంతా వాడు ఆ డబ్బాతో తిరిగాడు. ఒక్క జ్వరం రాలేదు, ఒళ్ళు కూడా చేశాడు, మరదలు నాకు మటన్ వండి పెట్టింది. పల్లెల్లో పిల్లలు దానికి జ్వరాల డబ్బా అని పేరు పెట్టారు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, తిరుగు దారిలో, దుమ్ముగూడెం అవతల వాగు నీళ్ళు పైనుంచే పారే ఒక చప్టా మీద, బస్సూ బండ్లూ ఒడ్డున ఆగిపోయి ఉండగా వాడొక్కడే జీపుతో నీళ్ళలోకి దిగాడు. జీపు తిరగబడింది. వాడు మూడో రోజు తుప్పల్లో దొరికాడు.

డబ్బా మాత్రం ఊడిపోయి, వాగు వెంట గోదావరిలోకి పోయి, భద్రాచలానికి పైన ఒక ఇసుక దిబ్బ మీద నిలబడింది. దాన్ని గుర్తుపట్టడానికి నన్నే తీసుకెళ్ళారు. తలుపు తీశాను. లోపల పక్క వేసింది వేసినట్టే ఉంది. దిండు పొడిగా ఉంది. గాజు పలకలు ఒక్కటీ పగల్లేదు, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్కరి పేరు వాడి చేతిరాతలో. అరలో అగ్గిపెట్టె ఉంటే ఎందుకో తీసి పుల్ల గీశాను, మొదటి గీతకే వెలిగింది. దేవుడా, ఆ మంట! ఇప్పటికీ వంటింట్లో పుల్ల గీసిన ప్రతిసారీ ఒక్క క్షణం నా చెయ్యి ఆగుతుంది. ఆ పలకలను పరీక్షకు పంపితే ఆరుగురికి జ్వరమని తేలింది, మందులు పోయాయి, వాళ్ళు బతికారు.

తిరిగి వస్తూ ఆ వాగు దగ్గర ఆగాను. ఆ రోజు అవతలి ఒడ్డున బండితో నిలబడ్డ ఒక కోయ పెద్దాయన అక్కడే ఉన్నాడు. విచారించడానికి వచ్చిన వాళ్ళెవరూ ఆయన్ను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను అడిగాను. తమ్ముడు దిగే ముందు కర్ర పట్టుకుని చప్టా సగం దాకా నడిచి, లోతు చూసుకుని, వెనక్కి పోయి అప్పుడే జీపు ఎక్కాడట. "జీపు పక్కకు జరగలేదమ్మా, మంచిగ పోతాంది. ఎనక డబ్బనే లేచింది. పడవ లెక్క తేలి, తోక పట్టి గుంజినట్టు జీపును గుంజింది" అన్నాడు. నీళ్ళను లోపలికి రానిస్తే అది బరువెక్కి చప్టా మీదే నిలిచేది. నేను రానివ్వలేదు.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి అందరూ ఒకటే మాట, తొందరపడ్డాడు, బస్సు వాడు ఆగిండు గదా, గంట ఆగితే ఏం పోయె అని. మా మరదలు కూడా అదే నమ్మింది. ఏడుస్తూ ఏడుస్తూ, నా ముఖం గూడ గుర్తుకు రాలేదా ఆయనకు అన్నది. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆ ఒక్క రోజు దాటితే మర్నాడు మరింత కష్టం, ఏడాది దాటితే ఇంకా కష్టం. ఆమె జూలూరుపాడులో పుట్టింటికి పోయి, అన్నతో పాటు మిరప చేను చేసుకుంటూ బతికింది. పండుగలకు మా ఇంటికి వచ్చేది, నాకు చీర పెట్టేది, నన్ను తల్లిలాగా చూసుకునేది. కానీ రెండు వీధుల అవతల ఉన్న సమాధుల తోటకు ఒక్కసారి కూడా పోలేదు. సమాధుల పండుగ నాడు నేను కొవ్వొత్తులు పట్టుకుని బయలుదేరితే, నన్ను వదిలి పోవడానికి తొందరపడ్డోడి కాడికి నేనెందుకు వస్త అనేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల వంచుకుని నడిచేదాన్ని. డబ్బాను ముక్కలుగా కోయించి పాత ఇనుముకు వేశాను గానీ అది నన్ను వదల్లేదు. నాటి నుంచి తలుపు వేసుకుని పడుకోలేదు. అద్దాలు మూసిన కారులో కూర్చుంటే కింద నుంచి ఏదో నన్ను మెల్లగా లేపుతున్నట్టుంటుంది. వాన పెద్దదయినప్పుడు పెరటి వైపు నుంచి ఎవరో రేకు మీద తడుతుంటారు. ఉన్నానురా అంటాను, ఇంకేం అనను?

మనుమరాలి బండి చూసిన నాడు మంచం మీద నుంచి లేచి, దాని అడుగున బెజ్జాలు కొట్టించేదాకా అడవి వైపు తీసుకుపోవద్దని చెప్పాను. ఎందుకు అమ్మమ్మా అని అడిగింది. కారణం ఈ పిల్లకు చెప్పే ముందు వినవలసిన మనిషి ఇంకొకరున్నారని అప్పుడు తట్టింది. మర్నాడు పొద్దున్నే జూలూరుపాడు బస్సెక్కాను.

మరదలు కల్లంలో గొంగడి పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్నది. తల పూర్తిగా నెరిసింది, వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్కన కూర్చుని నేనూ తొడిమలు తీస్తూ అంతా చెప్పాను, గీకేసిన బెజ్జాలు, కర్ర పట్టుకుని లోతు చూసిన సంగతి, పెద్దాయన మాట, అన్నీ. ఘాటుకో మరి దేనికో ఇద్దరికీ కళ్ళు కారుతూనే ఉన్నాయి. నా వైపు చూడకుండానే, "ముప్పై నాలుగేండ్లు తిట్టిన వదినె ఆయన్ని. రోజూ పొద్దుగాల లేవంగనే తిట్టిన. గా తిట్లన్ని ఎవరు వాపసు తీసుకుంటరు?" అన్నది. పోయి రమ్మనలేదు, ఉండమనలేదు. లేచి లోపలికి పోయింది. కాసేపు చూసి నేను బస్టాండుకు నడిచాను.

ఆ వేసవిలోనే పిల్లలు బండికి బెజ్జాలు పెట్టించుకుని నన్ను కూడా ఎక్కించుకుని ఆ దారిన తీసుకుపోయారు. వాగు ఎక్కడని వెతుక్కున్నాను. పైన ఎత్తయిన వంతెన, కారు రెండు నిమిషాల్లో దాటేసింది. పల్లెల్లో ఇప్పుడు మందు పట్టించిన దోమతెరలు ఇంటింటికీ ఇస్తున్నారు, వేలి చుక్కను అక్కడికక్కడే పావుగంటలో చూసి చెప్పేస్తున్నారు. ఎవరూ ఎవరి రక్తాన్నీ వాగులు దాటించనక్కరలేదు. తమ్ముడు ఇప్పుడు పుట్టి ఉంటే నేను వాడికి ఏ డబ్బా చేసి ఇవ్వవలసిన పనే ఉండేది కాదు. ఇంత మారింది లోకం, ఇంత మంచికే మారింది, కానీ అది మారేదాకా ఆగలేని వాళ్ళ బతుకులను మాత్రం మునుపటిలా చేసి ఇవ్వలేదు కదా.

మరదలు నా ఫోను ఎత్తడం లేదు. మొన్న సమాధుల తోట కాపలా ఆయన దారిలో కనబడి, మీ మరదలమ్మ వచ్చిందమ్మా అన్నాడు. పొద్దున బస్సుకు వచ్చి, సమాధి మీది గడ్డంతా పీకి, కడిగి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఏందో మాట్లాడుకుంటనే ఉన్నదట. తరువాత బస్టాండుకు పోయిందట. బస్టాండుకు పోయే దారి మా ఇంటి ముందు నుంచే. ఆమె మా ఊరు వచ్చి మా గడప తొక్కకుండా పోవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నా తమ్ముడు మోసిన ఆమె కోపం ఇప్పుడు నా మీదికి వచ్చింది, అది రావలసిన చోటు ఇదే. నేను ఇంటికి వచ్చి, తలుపు తెరిచి పెట్టుకునే, చాలాసేపు ఏడ్చాను.