కానుక బియ్యం కింద పెట్టి...

మా చిన్నప్పుడు... మందమర్రి బొగ్గుగని కార్మికుల ఇళ్ల లైన్లలో, పొద్దుగూకాక దీపం ముందు కూర్చుని బైబిలు చదవడం నా పని. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. అవ్వకు అక్షరాలు రావు. బాపు పగటి షిఫ్టు నుంచి వచ్చి కూర్చున్నచోటే కునికేవాడు. మూడో తరగతి చదివే నేనే ఇంటికి పండితురాలిని...

నాలుగు వచనాలు దాటనిచ్చేది కాదు అవ్వ. "ఆగు బిడ్డా... గీ ఒక్క ముక్క సాలు. రేపటిదాంక నముల్త" అనేది. మరునాడు నీళ్లు మోస్తూ, పిండి విసురుతూ ఆ మాటే తనలో తాను అనుకునేది.

ఒక ఎండాకాలం పక్కింటి లచ్చవ్వతో అవ్వకు మాటలు పోయాయి. కంపెనీ ఇచ్చే బొగ్గును వాకిట్లో కుప్పపోసి, పొగంతా పోయేదాకా కాల్చి, తర్వాతే పొయ్యిలో వేసేవాళ్లం. ఆ రోజు గాలి మళ్లి, పొగంతా లచ్చవ్వ ఆరేసుకున్న చీరల మీదికి పోయింది.

"కండ్లు కనవడ్తలేవా శాంతా? పండుగ చీర బొగ్గుబాయిల దిగినట్టయింది!" అని లచ్చవ్వ అరిచింది.

అవ్వ ఊరుకుంటే అయిపోయేది... "ఎత్తుకునెటందుకు పిల్లలు లేకపాయె, చీరలనే ఎత్తుకొని ముద్దాడు" అనేసింది.

లచ్చవ్వ తడి చీరలు తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. రోజూ నాకు జడ వేసేది లచ్చవ్వే... ఇక నన్నూ పిలవలేదు. అవ్వ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. బాపు "పోయి ఒక్క మాట అనరాదే" అంటే, "ఏ మొకంతోని పోను" అనేది.

ఆ శుక్రవారం ప్రార్థన కూడిక మా ఇంటి వంతు. చాపల నిండా జనం. రోజూ వండేముందు పిడికెడు చొప్పున తీసిపెట్టిన కానుక బియ్యం పళ్లెంలో పోసుకుని అవ్వ గోడవారగా నిలబడింది. సంఘపెద్ద నన్ను చదవమన్నాడు. అంతమందిలో నేను పెదవుల్లోనే గొణిగాను...

"జర గట్టిగ సదువు బిడ్డా. దేవునికి ఇనవడ్తది గని నాకు చెవుడు" అన్నాడాయన. అందరూ నవ్వారు.

వరుసలో ఆ రోజు కొండ మీది బోధ వచ్చింది. కానుక తెచ్చాక, నీ వల్ల ఎవరికైనా మనసు నొచ్చిందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడమనే మాట...

పళ్లెం నేలకు తగిలిన చప్పుడుకు తలెత్తాను. అవ్వ కొంగు సర్దుకుంటోంది.

"కూడిక నడుమల ఏడికమ్మా?" అన్నాడు సంఘపెద్ద.

"వాక్యమే పొమ్మన్నది గదయ్యా... జర ఆగుండ్రి" అని అవ్వ బయటికి నడిచింది.

ఎవరూ కదల్లేదు. పలుచని గోడ అవతలి మాటలు మాకు వినబడుతున్నాయి.

"ఏంటికచ్చినవ్? మీ ప్రార్థన గప్పుడే ఒడిసిందా?" లచ్చవ్వ గొంతు.

"ఒడ్వలే. నువ్వు మాట్లాడ్తెనే ఒడుస్తది. పాపపు మాటన్న అక్కా... తిట్టు, కొట్టు."

 

"గా మాట మర్వమంటె మర్వస్తదా శాంతా?" అంది లచ్చవ్వ. "పండుకుంటె అదే ఇనవడ్తది."

అవ్వ ఏడుపు వినబడింది. కాసేపటికి మళ్లీ లచ్చవ్వే... "ఊకో ఇగ. ఇంట్ల మందిని కూసోవెట్టి వచ్చినవా, పిచ్చిదానా? ఆళ్లకు చాయ్ వోసినవా? పాలు లేవా? ఉండు, నేనే తెస్త."

పాల గిన్నెతో వచ్చిన లచ్చవ్వ గడపలో ఆగి నన్ను చూసింది. "గిదేం జడనే పోరీ, ఎలుక తోక లెక్క!" అంది. అప్పుడు, వెనకే వచ్చిన అవ్వ కానుక పళ్లెం పైకెత్తింది...

ఇప్పుడు నా కాపురం మంచిర్యాలలో. మా ప్రార్థన గుడికి మైకు వచ్చింది. చక్కని గొంతులతో అధ్యాయాలకు అధ్యాయాలు చదువుతారు. ఇంట్లో నేనూ చదువుతాను, వంటకు ఆలస్యమవుతుందని గబగబా... అందరం చివరిదాకా బుద్ధిగా కూర్చుంటాం. మధ్యలో లేచి ఎవరమూ ఎవరి ఇంటికీ వెళ్లం...

మీ ఇళ్లలో అలా లేచి వెళ్లినవాళ్లు ఉన్నారా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.