డాబా మీద ఆరేసిన కుకీలు

నర్సీపట్నంలో నేను టీచర్ని. జంతికల గొట్టంలా ఉండే కుకీ ప్రెస్ కొన్నానని స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పి, వేసవిలో ఒక ఆదివారం తోటి టీచర్లను టీకి పిలిచాను. వెన్న, పంచదార, మైదా కలిపి ట్రే నిండా పువ్వులు ఒత్తాను. ఓవెన్‌లో పెట్టబోతే కరెంటు పోయింది. ట్రే వంటింట్లో వదిలి స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి ట్రే ఖాళీగా ఉంది. అప్పటికే టీచర్లు వచ్చేశారు. అత్తయ్యగారు డాబా మీద ఉన్నారంటే ఎక్కాను. నా వెనకే వాళ్లూ ఎక్కారు. పాత చీర మీద నా పువ్వులన్నీ వెన్న కారి అంటుకుపోయి ఉన్నాయి.

అత్తయ్యగారు వేలు నాకి చూసి, "వడియాల పిండిలో పంచదారేసినావేటమ్మా? అందుకే ఆరట్నేదు" అన్నారు.

ఆ రోజు టీతో బేకరీ బిస్కెట్లే పెట్టాను. ప్రెస్ ఇప్పుడు అత్తయ్యగారిదే. స్టాఫ్‌రూమ్‌లో నన్నెవరూ కుకీలు అడగరు. పువ్వుల వడియాలు మాత్రం అడిగి పట్టుకెళ్తారు.