జ్ఞానాంబమ్మ దిద్దిన జవాబు

జ్ఞానాంబమ్మగారికి లోకంలో ఏదీ ఉన్నదున్నట్టు నచ్చదు. ప్రతిదాన్నీ దిద్దాలి. చిత్తూరులో ఆమె కల్యాణ మండపానికి వచ్చే పురోహితులు దేవుడికన్నా ఆమె చెవులకే ఎక్కువ భయపడతారు. ఒకసారి నాదస్వరం ఆపించి, "రాగం ఆడ జారిపోయింది, మళ్ళీ ఎత్తుకో" అంది. వాయించేవాడు ఎత్తుకున్నాడు. తాళి పట్టుకున్న పెళ్ళికొడుకు చేతులు అంతసేపూ గాల్లోనే ఉండిపోయాయి.

నేను ఆమె లాయర్ని. అంటే, ఆమె దిద్దడానికి కాగితాలు సరఫరా చేసేవాణ్ణి.

అమల అనే బ్యాంకు ఉద్యోగిని ఆ మండపం మీద కేసు వేసింది. ఆమె చక్రాల కుర్చీలో తిరుగుతుంది. చెల్లెలి రిసెప్షన్‌కి వస్తే, లోపలికి మెట్లు తప్ప వేరే దారి లేదు. పనివాళ్ళు ఆమెను కుర్చీతో సహా మోసుకెళ్ళి లోపల దించారు.

వినియోగదారుల కమిషన్ మా జవాబుకి గడువు పెట్టింది. నేను చకచకా రాసి పట్టుకెళ్ళాను. "కుర్చీలో వచ్చేవారు సిబ్బంది సాయంతో సుఖంగా లోపలికి రావచ్చు" అన్న చోట ఆమె వేలు ఆగింది.

"సుఖంగా అని నీకెట్ల తెలుసు?"

"అందరూ అట్లే రాస్తారమ్మా."

"అందరూ రాసేదానికి నా సంతకం ఎందుకబ్బా?"

గడువు దాటిపోయింది. బతిమాలి ఇంకో వాయిదా తెచ్చాను. "సుఖంగా" కొట్టేసి "సులభంగా" అని పెట్టాను. "ఇది ఇంకా తప్పు" అంది. ఆ వాయిదా కూడా పోయింది.

"అమ్మా, ఈసారీ ఇవ్వకుంటే మన మాట వినకుండానే తీర్పు చెప్పేస్తారు."

"సెప్పనీ. తప్పు కాగితం కంటే అదే నయం."

మర్నాడు ఒక చక్రాల కుర్చీ అద్దెకు తెప్పించి, అందులో కూర్చుని, "ఎత్తండప్పా" అంది. పనివాళ్ళు ఎత్తారు. ఒకడు కుడికి వంచాడు, ఇంకొకడు ఎడమకి. వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చి చూశారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. దించాక కూడా ఎవరినీ దిద్దలేదు. అలాగే కుర్చీలో హాలంతా ఒకసారి తిరిగి వచ్చింది.

"ఆ పాప ఇట్లనేనా పోయింది, సుట్టాలంతా సూస్తావుంటే?"

నేను తల ఊపాను.

"రవిచంద్రా, మేస్త్రీని పిలువు" అంది నాతో.

కమిషన్‌లో అధ్యక్షుడు అడిగాడు. "గడువు దాటింది. మీ జవాబు ఏదమ్మా?"

"జవాబు లేదయ్యా. ఆ పాప రాసిందంతా నిజమే."

నా గుండె జారిపోయింది.

"కానీ ఒక తప్పుండాది."

నా గుండె కాస్త పైకొచ్చింది.

"మెట్ల కాడే ఇబ్బంది అని రాసింది. సెయ్యి కడిగే తొట్టి కూడా కుర్చీలో ఉండేవాళ్ళకి అందదు. నేను కూర్చోని సూసినాను. అదీ చేర్చుకోండి."

అధ్యక్షుడు పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. అమల మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

తీర్పు మాకు వ్యతిరేకంగానే వచ్చింది. ఓడిపోయి అంత తృప్తిగా ఇంటికి వెళ్ళిన కక్షిదారును నేను ఇంకెక్కడా చూడలేదు. మెట్ల పక్కన వాలుదారి అప్పటికే కట్టించేసింది. చూడమని అమలను పిలిచింది. అమల తనంతట తానే సగం దాకా ఎక్కి ఆగింది.

"బాగుంది ఆంటీ. కానీ ఈ మలుపు ఇరుకు. చక్రం గోడకి తగులుతావుంది."

మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు, నేను రెండు వేశాను. జ్ఞానాంబమ్మను దిద్దినవాళ్ళు చిత్తూరులో ఇంతవరకు లేరు.

ఆమె వంగి చక్రాన్ని చూసింది, గోడను చూసింది. ముఖం వెలిగిపోయింది.

"పగలగొట్టప్పా" అంది మేస్త్రీతో. తర్వాత అమల వైపు తిరిగి, "లోపల ఇంకా ఏమేమి తప్పులుండాయో, రా పాపా, ఇద్దరం సూద్దాం" అంది.