పక్క మిల్లుకు చెప్పని సంగతి

1967లో నేను ఆమదాలవలసలో రైసుమిల్లుల ఫిట్టర్‌ని. స్టేషన్‌కు కాస్త దూరంలో, ఒకే గోడకు అటూ ఇటూ రెండు ఉప్పుడు బియ్యం మిల్లులు ఉండేవి. రెండింటికీ నేనే ఫిట్టర్‌ని. పొద్దున ఒక మిల్లులో బేరింగు మార్చి, భోజనమయ్యాక రెండోదాంట్లో బెల్టు బిగించేవాణ్ణి. ఒక మిల్లు జగన్నాథం గారిది. రెండోది సూరి గారిది. జగన్నాథం గారి చెల్లెల్ని సూరి గారికి ఇచ్చారు. ఆ చుట్టరికం కుదిరిన ఏడాదే గోడ మధ్యలో ఒక తలుపు పెట్టించారు.

ఉప్పుడు బియ్యం పని తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. వడ్లను తొట్లలో నానబెట్టి, బాయిలర్ ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాత మరపడతాం. నానడం, ఉడకడం మన చేతిలో ఉన్న పనులు. ఆరడం మాత్రం ఎండ దయ. సిమెంటు కళ్లంలో వడ్లు పరిస్తే, ఆడకూలీలు కాళ్లతో చాళ్లు తీస్తూ రోజంతా తిరగేసేవారు. కోతల వేళ ముసురు పట్టిందా, ఉడికిన వడ్లు కుప్పల్లోనే వేడెక్కి బూజు పట్టేవి. ఆ కంపు రెండు వీధుల అవతలికి తెలిసేది.

గోడలో ఆ తలుపు ఉన్నన్నాళ్లూ రెండు మిల్లుల పనితనం ఒక్కటిగానే పెరిగింది. వడ్లను పైకి మోసే ఎలివేటర్‌కు రేకు డబ్బాలు ఎంత ఎడంగా బిగిస్తే గింజ ఒలకదో సూరి గారి మిల్లులో తేలింది. వారం తిరక్కుండా జగన్నాథం గారి ఎలివేటర్ కూడా అలాగే మారింది. హల్లర్, అంటే వడ్లు దంచే యంత్రం, దాని కత్తిని ఏ వాలుకు పెడితే నూకలు తగ్గుతాయో ఇటు తెలిస్తే అటు తెలిసేది. స్పానర్లు అటూ ఇటూ తిరిగేవి. మనుషులూ తిరిగేవారు. పైడమ్మ అనే ఆవిడ పాతికేళ్ల నుంచి కళ్లం పని చేస్తోంది. ఎటు వడ్లు ఆరుతుంటే అటు వచ్చి పని చేసేది. ఈ కళ్లంలో ఎక్కడ పల్లముందో, ఆ కళ్లంలో నీరు ఎటు పోతుందో యజమానుల కంటే ఆవిడకే బాగా తెలుసు. ఏది ఎవరు ముందు కనిపెట్టారన్న మాట ఆ రోజుల్లో ఎవరి నోటా నేను వినలేదు.

ఆ మాట మొదటిసారి మనసులో పుట్టింది వేడినీళ్ల దగ్గర. చన్నీళ్లలో రెండు మూడు రోజులు నానితే బియ్యానికి పులిసిన వాసన వస్తుంది. వేడినీళ్లలో ఒక్క పూట నానితే రాదు. ఆ వేడి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి జగన్నాథం గారు మూడు పంటల పాటు వడ్లు పాడు చేసుకున్నారు. నేనూ పక్కనే ఉన్నాను. తెలిశాక, పదిహేను రోజుల్లో సూరి గారి తొట్లలోనూ వేడినీళ్లు పడ్డాయి. వాసన లేని బియ్యం కోసం కేరళ నుంచి వచ్చిన వ్యాపారి మొదట ఇద్దరి దగ్గరా కొన్నాడు. తర్వాత ధర కాస్త తగ్గించిన సూరి గారి దగ్గరే కొన్నాడు. జగన్నాథం గారు బావను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి రెండు కళ్లాల్లోనూ వడ్లు కుళ్లాయి. జగన్నాథం గారు నన్ను పిలిచి, ఎండతో నిమిత్తం లేకుండా ఆరబెట్టే దారి చూడమన్నారు. అలా డ్రైయర్ పని మొదలైంది. నిలువెత్తు రేకు గోపురం లాంటిది కట్టాం. పైనుంచి పోసిన తడి వడ్లు మెల్లగా కిందికి జారుతుంటాయి. ఊకతో మండే పొయ్యి నుంచి వేడిగాలిని బ్లోయర్, అంటే పెద్ద ఇనుప పంకా, ఆ గోపురంలోకి తోస్తుంది.

మొదట పొయ్యి గాలినే నేరుగా పంపాం. బియ్యానికి పొగ వాసన పట్టింది. మూడో రోజున అడుగున ఒక చోట గింజలు మాడి, ఎర్రగా రాజుకుంటూ కనిపించాయి. ఊక మంటలోంచి నిప్పురవ్వలు గాలితో పాటు వచ్చేస్తున్నాయి. నేను దగ్గరే ఉన్నాను గనుక వెంటనే బ్లోయర్ ఆపి ఆర్పేశాను. గాలి ఆపకుండా నీళ్లు చల్లి ఉంటే మంట మరింత లేచేది. ఆ తర్వాత రెండు నెలలు తలలు బద్దలు కొట్టుకుని ఇటుకల గది ఒకటి కట్టాం. పాత బాయిలర్ గొట్టాలు తెచ్చి అందులో అడ్డంగా పేర్చాం. మంట గొట్టాల చుట్టూ తిరిగి చిమ్నీలోంచి పోతుంది. గాలి గొట్టాల లోపలినుంచి పోతూ వేడెక్కుతుంది. నిప్పూ గాలీ ఎక్కడా కలవవు. దీన్ని హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మేం పైపుల గది అనేవాళ్లం. బయటినుంచి చూస్తే సున్నం కొట్టిన గోడలు తప్ప ఏమీ కనిపించదు. రెండు రోజుల ఆరుదల ఒక్క పూటలో అయిపోయింది.

పైపుల గది పూర్తయిన వారమే జగన్నాథం గారు గోడలో తలుపు ఊడదీయించి ఆ చోట ఇటుకలు కట్టించేశారు. నన్ను పక్కకు పిలిచారు.

"సత్తెం, ఈ గదిలో ఏటున్నాదో గోడ దాటకూడదు. నీ నోటంట వచ్చిందని తెలిస్తే నువ్వు నా గుమ్మం ఎక్కక్కర్నేదు."

సరేనన్నాను. బతుకు భయంతో అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ జిల్లాలో ఎవరికీ తెలియనిది నా ఒక్కడి చేతికి తెలుసన్న గర్వం కూడా ఉంది.

తలుపు మూసినా గోడ ఎత్తు పెరగలేదు. సూరి గారు తన డాబా మీదినుంచి గోపురం చూశారు, బ్లోయర్ చూశారు, పొయ్యి చూశారు. మరుసటి ఏడు కోతలకు ముందే విజయనగరం నుంచి రేకు పనివాళ్లను రప్పించి అచ్చం అలాంటిదే కట్టించారు. నన్ను పిలవలేదు. పిలిస్తే నేను ఇరుకున పడతానని ఆయనకు తెలుసు. తలుపు మూశాక అటు మిల్లులోనే మిగిలిపోయిన పైడమ్మ దారిలో కనబడి, ఈ రేకు గోపురాలు వచ్చాక కళ్లంలో మాకు పనేముంటుందని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను.

కొత్త డ్రైయర్ మొదలెట్టిన కొద్ది రోజులకు సూరి గారు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. మిల్లు యజమాని ఫిట్టర్ ఇంటికి రావడం అదే మొదటిసారి. తువ్వాలు మూట విప్పి గుప్పెడు బియ్యం నా ముందు పెట్టారు.

"వాసన సూడు సత్తెం."

పొగ వాసన. మా మొదటి బియ్యం వాసనే.

"బావ బియ్యానికి ఇది నేదు. మీరేటి సేసారు?"

ఆయన్నే అడగమన్నాను.

"అడిగాను. తల తిప్పుకుని ఎల్లిపోయాడు. నీకు తెలుసుగదా, సెప్పు."

నిప్పురవ్వల సంగతి నా నాలుక చివరి దాకా వచ్చింది. అది చెబితే గొట్టాల సంగతి చెప్పాలి. గొట్టాల సంగతి చెబితే ఇచ్చిన మాట పోతుంది. "నన్నడగొద్దు సావుకారూ," అన్నాను. ఆయన బియ్యం తిరిగి మూట కట్టుకుంటుంటే మనసొప్పక, "ఆ డ్రైయర్ దగ్గర ఎప్పుడూ ఒక మనిషినుంచండి," అని మాత్రం అన్నాను. కారణం ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన నా మాట విన్నారు. ఒక మనిషిని ఉంచారు. కళ్లంలో పని తగ్గిన పైడమ్మకు ఆ పని ఇచ్చారు. గోపురం పక్కన చెక్కల మంచె వేయించి, బకెట్టుతో నీళ్లు పెట్టించి, చూస్తూ ఉండమన్నారు. దేన్ని చూడాలో ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం నేను జగన్నాథం గారి మిల్లులో షాఫ్టుకు గ్రీజు పెడుతున్నాను. గోడ అవతల అరుపులు వినిపించాయి. చూసేసరికి గోపురం మీద నల్లటి పొగ. తలుపు ఉండి ఉంటే పది అడుగుల్లో ఉండేవాణ్ణి. రోడ్డు మీదికి పరుగెత్తి, చుట్టూ తిరిగి వాళ్ల గేటు దాటేసరికి మంట రేకు చీల్చుకుని బయటికి వచ్చింది. బ్లోయర్ ఇంకా తిరుగుతూనే ఉంది. అందరూ నీళ్లు తెస్తున్నారు గాని దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను కర్రతో బెల్టు తప్పించాను. గాలి ఆగాక మంట తగ్గింది. అప్పటికి పైడమ్మ మంచె కింద పడి ఉంది. గింజలు రాజుకోవడం చూసి ఆవిడ పారిపోలేదు. బకెట్టు ఎత్తి పోసింది. ఒక్కసారిగా లేచిన మంట ఆవిడ మీదికే వచ్చింది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రికి లారీలో తీసుకెళ్లాం. మూడు రోజులు బతికింది. రెండో రోజు నేను వెళ్లాను. కూతురు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. పైడమ్మ తెలివిలోనే ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"సత్తెం బాబూ, ఆ మిల్లు దాన్లో నిప్పు పడదుగదా. మా దాన్లో ఎందుకు పడ్డాది? నానే సరిగ్గా సూడనేదేటి?"

ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం. చెప్పడానికి అడ్డేమీ లేదు. "గాలి తేడా వచ్చింది పైడమ్మా," అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. మర్నాడు తెల్లవారకముందే పోయింది.

దినాలు అయ్యాక ఒక కాగితం మీద పైపుల గది బొమ్మ గీసి సూరి గారి దగ్గరికి పట్టుకెళ్లాను. గోడలు, గొట్టాలు, మంట దారి, గాలి దారి. ఆయన చాలాసేపు చూశారు.

"ఇంతేనా?" అన్నారు.



"ఇంతేనా సత్తెం?" అని మళ్లీ అడిగి, కాగితం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

జగన్నాథం గారికి నేనే వెళ్లి చెప్పాను, బొమ్మ ఇచ్చానని. కోప్పడతారనుకున్నాను. ఆయన పైపుల గది వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ వారం నుంచి ఆయన మిల్లులో కూలీలు డ్రైయర్ దరిదాపులకు రాలేదు. ఇది కాలదని నేనెంత చెప్పినా వినలేదు. రెండోది కాలదని తెలిసినవాడివి, మొదటిది కాలుతుందని ముందెందుకు చెప్పలేదని ఒక ముసలావిడ అడిగింది. గోపురం తుప్పు పట్టింది. మరుసటి ఏడు కోతల వేళ ముసురు పట్టి రెండు కళ్లాల్లోనూ మళ్లీ వడ్లు కుళ్లాయి, గోడకు ఎటువారివి అటే. చెల్లెలు అన్నగారి గడప తొక్కడం మానేసింది. ఆ చుట్టుపక్కల ఏ మిల్లువాడూ డ్రైయర్ పేరెత్తలేదు. ఆ ఊళ్లో నాకు మొహం చెల్లక విజయనగరం జూట్‌మిల్లులో చేరిపోయాను. మిగిలిన ఉద్యోగమంతా నారయంత్రాల మధ్యే గడిచింది.

రిటైరయ్యే ముందు ఒకసారి విజయనగరంలో యంత్రాల కంపెనీవాళ్లు డ్రైయర్లు చూపించడానికి వచ్చారు. అందరికీ ఊరికే పంచిన కరపత్రంలో లోపలి భాగాల బొమ్మలున్నాయి. గొట్టాలు, మంట దారి, గాలి దారి, అన్నీ బాణం గుర్తులతో.

ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్లు నన్ను అడిగితే ఒకటే చెబుతాను. పక్కపక్కనే పని చేసేవాళ్ల మధ్య ఏదీ పూర్తిగా దాగదు. గోడ కట్టినా సగం కనబడుతూనే ఉంటుంది, ఆ సగం చూసి అవతలివాడు కట్టుకుంటాడు. కనబడని సగంలోనే నిప్పు ఉంటుంది. జగన్నాథం గారు తన యంత్రాన్ని దాచుకున్నాననుకున్నారు. మేం నిజంగా దాచింది అందులోని ప్రమాదాన్ని. ఇది నేను నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఎవరికీ ఉపయోగపడలేదు. తను సరిగ్గా చూడకపోవడం వల్లే నిప్పు పడిందేమోనని అనుకుంటూ పైడమ్మ పోయింది. కాదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు.