రుద్రూరు గ్రహం వంతు

1986 జనవరి చివరి సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మా ఆట మొదలైంది. ఇప్పటికీ ఇంట్లో ఏ ఛార్జరైనా వేడెక్కి ఆ ప్లాస్టిక్ వాసన వస్తే, బోధన్‌లో మా బడి వెనక గదిలో, పచ్చటి అక్షరాలు వెలిగే కంప్యూటరు ముందు, నా దోస్తు గంగమణి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

చెరకు ఆడే రోజులవి. బడి గోడ పొడవునా బండ్లు బారులు తీరేవి, చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన కిటికీలోంచి వచ్చి పుస్తకాలకు కూడా పట్టేది, మేము బండి వెనక నుంచి లాగిన గడను నములుతూ వస్తే, జిగట చేతులు కడుక్కున్నాకే లెక్కల సారు మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు. ఆట క్యాసెట్‌లో ఉండేది, ఒకరోజు ఆపిన చోటి నుంచే మళ్లీ సాగేది. ఆకాశంలో మాకు ఐదు గ్రహాలు, వాటికి ఇంధనం మోసే ఓడలు పన్నెండు, ఎదుట యంత్రమే నడిపే శత్రువు.

"మీరెట్ల ఆడుతరో చూసి వాడు నేర్చుకుంటడు, జాగ్రత్త" అన్నారు సారు.

గ్రహాలకు రుద్రూరు, వర్ని, కోటగిరి అంటూ మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లే పెట్టుకున్నాం. శత్రువుకు గంగమణి పెట్టిన పేరు ముసలోడు. "మా తాత లెక్కనే ఉన్నడే. కండ్లు మూసుకున్నట్టే ఉంటడు, ఎవలెటు పోయిండ్రో అన్నీ ఎర్కే."

గంగమణి వాళ్ల అమ్మ బీడీలు చుట్టేది. శివరాత్రి తర్వాత కూతురు బడి మాని బీడీల చాట ముందు కూర్చోవాలని తేల్చేసింది. గంగమణి ఏడవలేదు. "పోయేలోపల ముసలోన్ని ఒక్కసారన్న కొట్టిపోత" అంది. కంప్యూటరు మాకు దొరికేది వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట, చెరో పావుగంట. శివరాత్రి ముందురోజు దాకా పన్నెండు సార్లు.

మా బాపు నిజాంసాగర్ కాలువ మీద లష్కరు. తూము తెరిచి, ఏ పొలానికి ఎన్ని గంటలో గడియారం చూసి నీళ్లు వదిలేవాడు. చివరి పొలంతో మొదలుపెట్టాలి, వంతు తప్పకూడదు, అదే మా ఇంటి న్యాయం. నేను ఓడలను కూడా అలాగే, అన్నిటికంటే దూరపు గ్రహంతో మొదలుపెట్టి వంతు ప్రకారం పంపాను. మూడో రోజు నుంచి ఏ గ్రహం వంతు వస్తే ఆ గ్రహం దగ్గర వాడు ముందే ఉండేవాడు.

"నీ వంతులు వానికి నోటికొచ్చినయే, జర మార్చు" అంది గంగమణి. వంతు మారిస్తే అన్యాయమన్నాను. ఆకాశంలో ఎవరికి అన్యాయమని అడిగితే, మళ్లీ అదే వంతున ఓడలను పంపాను.

పన్నెండో రోజుకు మిగిలినవి రుద్రూరు ఒక్కటి, ఓడలు రెండు. గంగమణి తన పావుగంటలో రుద్రూరును అలాగే వదిలేసి, ఆ రెండిటినీ చుట్టుదారిన ముసలోడి స్థావరం దాకా తీసుకుపోయింది. వాడు తన బలగంతో రుద్రూరు దగ్గర మా కోసం కాపు కాస్తున్నాడు. అక్కడ స్థావరానికి కాపలా లేదు. బాపు నాకిచ్చిన పాత గడియారంలో మూడు ముప్పై ఐదయింది.

"లెవ్వు, నీ టైమ్ అయింది" అన్నాను.

"ఆగవే, రెండే ఎత్తులు. రెండు నిమిషాలు. దొరికిండు."

"వంతంటె వంతే."

నా ముఖం ఒకసారి చూసి లేచింది. నేను కూర్చుని, ఇక రుద్రూరు వంతు కనుక, రెండు ఓడలనూ వెనక్కి రప్పించాను. మూడో ఎత్తుకు తెర మీద ఏమీ మిగల్లేదు.

గంగమణి సంచి భుజాన వేసుకుంది. "వాడు నన్ను సదవలే. నిన్నే సదివిండు" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత బడికి పోతూ వాళ్ల ఇంటి ముందు నుంచే నడిచేదాన్ని. బీడీ ఆకు కత్తిరిస్తూ గంగమణి తల ఎత్తేది కాదు. తొమ్మిదో రోజు నుంచి నేనే ఆ వీధి మానుకున్నాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఫ్యాక్టరీ కూత లేదు, మడ్డి వాసన లేదు, బడి గోడ పక్కన బండ్ల బారు లేదు. అవి పోవడంలో నా చెయ్యి లేదు కనుక నా లెక్కలో రాయను. గంగమణి చదువు కూడా రాయను, అది ఎలాగూ ఆగేదే. నా వల్ల పోయినవి: ఐదు గ్రహాలు, పన్నెండు ఓడలు, ఆమె అడిగిన రెండు నిమిషాలు.