నిమ్మాకులో పాముపొడ

తొంభై ఒకటి జనవరి చివర్లో, గల్ఫ్ యుద్ధం నడుస్తుండగా, సౌదీలో ఒక తోటలో దిగాను. అల్ ఖోబర్‌కు గంటన్నర దూరం. ఫౌజులో పదిహేడేళ్లు చేసి వచ్చిన హవల్దారుని, ఇక్కడ గేటు కాపలావాణ్ణి. డ్యూటీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. చేతికి వాకీటాకీ, నడుముకు కత్తి, భుజానికి గ్యాస్ మాస్కు సంచి. సంచిలో అట్రోపిన్ సూది ఒక్కటి. ఇరాక్ రాకెట్లతో విషవాయువు వచ్చి తగిలితే తొడలో గుచ్చుకోవాలి. తోట మొత్తానికి మాస్కు అదొక్కటే. సైనికుడివి కదా అని మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నాకిచ్చాడు. పని చేసే మిగతా తొమ్మిది మందికీ తడి తువ్వాళ్లే.

గేటు పక్కనే నారు పెంచే ప్లాస్టిక్ షీటు ఇల్లు. బయట చలి, లోపల ఉక్క. ఆ ఉక్కకు నిమ్మ నారు చిగుళ్లు వేసింది. లేత ఆకుల నిండా వంకర వెండి గీతలు. మా నల్లగొండ బత్తాయి తోటల్లో దీన్ని పాముపొడ అంటాం. చిన్న రెక్కలపురుగు గుడ్డు పెడితే, పిల్లపురుగు ఆకు పైపొర కింద దూరి తింటూ పోతుంది. నిమ్మజాతిని వదలదు, పక్కనున్న ఖర్జూరాన్ని ముట్టదు. కాశ్మీరు కొండల్లో భోజపత్రం చెట్ల ఆకుల్లోనూ ఇలాంటి గీతలు చూశాను. ఆ పురుగు వేరు. ఇక్కడ రోజూ పొద్దున చూస్తే గీతలు నిన్నటికంటే పొడుగయ్యేవి. రాసే చెయ్యి మాత్రం కనబడదు. ఆ ఇంట్లోకి అడుగు పెట్టాలంటే నాకు భయంగానే ఉండేది.

మందు కొట్టేవాడు నిజామాబాద్ రాజన్న.

"పురుగు ఆకు లోపట పండుకున్నది. మందు దానికి తాకుతదా అన్నా?"

"ఫోర్‌మన్ డబుల్ కొట్టమన్నడు. కొట్టు."

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. నాకూ తెలుసు. ఆర్డరంటే ఆర్డరు.

పదో రోజు, మధ్యాహ్నం మూడూ పది. రాజన్న లోపల మందు కొడుతున్నాడు. సైరన్ మోగింది. వాకీటాకీలో పాకిస్తానీ ఫోర్‌మన్ గొంతు: "సబ్ అందర్. దర్వాజా బంద్." అందరూ లోపలికి, తలుపులు మూయమని. నేను షీటు ఇంట్లోకి దూరి, తలుపు మూసి, సందుల్లో తడి గోనెలు కుక్కాను. మాస్కు తొడుక్కున్నాను. రాజన్న ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. పదిహేను నిమిషాలు నా ఊపిరి తప్ప మరేదీ వినబడలేదు.

"అన్నా, కండ్లు మసకైతున్నయ్."

నోటి వెంట చొంగ. కంటిపాపలు ఆవగింజంత. ట్రైనింగులో చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. గ్యాస్ వచ్చేసిందనుకున్నాను. సూది తీశాను. తీసి, నా తొడ మీద ఆనించుకున్నాను. రాజన్న నావైపే తిరిగి ఉన్నాడు.

అప్పుడు షీటు పైన నీడలు కదిలాయి. నాలుగైదు పిచ్చుకలు గెంతుతున్నాయి. బయట గ్యాసుంటే ముందు రాలిపోయేవి అవే. విషం బయటినుంచి రాలేదు. మేం కొట్టిన పురుగుమందే; దానికీ గుర్తులు అవే, విరుగుడూ అదే సూది. దాంతో పాటు వాణ్ణి లోపల పెట్టి మూసింది నేను.

సూది రాజన్న తొడలో గుచ్చాను. కత్తితో షీటు చీల్చి బయటికి లాగాను. బట్టలు విప్పి పైపు నీళ్లతో కడిగాను. వాడి గుప్పిట్లో నలిగిన నిమ్మాకు. ఎండకు ఎత్తి చూశాను. లోపల పురుగు తింటూ ముందుకు పోతోంది.

నాలుగో రోజు రాజన్న ఆస్పత్రినుంచి నడిచి వచ్చాడు. "నా పానం నిలబెట్టినవ్ అన్నా," అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాను. వాడి కళ్లు మసకబారాయి కదా, ఆ సూది ముందు ఎక్కడ ఆనిందో చూశాడో లేదో. అడిగే ధైర్యం నాకు రాలేదు.

రెండేళ్లకు పని ముగించుకుని ఎగ్జిట్ వీసా మీద ఇంటికొచ్చాను. మా పెరట్లో నిమ్మచెట్టు ఉంది. లేత ఆకు మీద వెండి గీత కనబడితే చాలు, చెయ్యి దానంతటదే నా తొడ మీదికి పోతుంది. ఎదురుగా ఆవగింజంత కంటిపాపలు, నావైపే చూస్తూ.