నేను కనిపెట్టిన ఆయిల్ లీకు

నిన్న నా చదువే నన్ను ఎలా ముంచిందో చెప్తా వినండి. నవ్వారంటే మాత్రం టీ మధ్యలో వదిలేసి లేచిపోతా. నెలల తరబడి అప్లై చేస్తే వచ్చిన ఒకే ఒక్క కో-ఆప్ ఇంటర్వ్యూ, అదే చదువులో భాగంగా చేసే ఉద్యోగానిది, ఇసుకలో కలిసిపోయింది!

మన బ్యాచ్ సంగతి మీకు తెలియంది కాదు. క్లాసులో ఎటు చూసినా మనవాళ్ళే, ఉన్న పోస్టులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిది మొన్న సాయంత్రం ఒక మెషీన్ మెయింటెనెన్స్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఫోన్ ఇంటర్వ్యూ. నేను ఎగిరి గంతేశా. మా రూమ్మేట్ సుధీర్ మొహం మాత్రం మాడిపోయింది. వాడు సరిగ్గా అదే రోజుకి ఎడారి ట్రిప్ బుక్ చేసి కూర్చున్నాడు.

కెనడాలో ఎడారేంటని నేనూ అడిగా. ఉందండీ, మనముండే కెలోనా నుంచి రెండు గంటలు దక్షిణంగా వెళ్తే ఓసోయూస్ దగ్గర ఇసుక, ముళ్ళపొదలు, కాల్చుకు తినే ఎండ, అన్నీ ఉన్నాయి. అక్కడ ఒక షాపులో సైడ్-బై-సైడ్ అద్దెకిస్తారు. జీపుకీ ట్రాక్టర్‌కీ మధ్యరకం బండి, తలుపుల్లేవు, అద్దాల్లేవు. గైడ్ కూడా ఉండడు. ఫోన్‌లో మ్యాప్ వేసిస్తారు, మన చావు మనం చావాలి.

"పొద్దున్నే పోయి మధ్యాహ్నానికల్లా వచ్చేద్దాంరా. నాకు మళ్ళీ లీవ్ దొరకది" అని బతిమాలాడు సుధీర్. వాడిది వరంగల్, బతిమాలితే కాదనలేం. సరే అన్నా. అదీ నా ఖర్మ.

షాపులో అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "కింద ఏదైనా కారుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఇంజిన్ ఆపెయ్యండి. నడపొద్దు. మాకు ఫోన్ చెయ్యండి." నేను తల పంకించి, "నేను మెకానికల్ ఇంజినీర్ని" అన్నా. అవసరమా నాకు?

అవతల సుధీర్ సామాను సర్దుతున్నాడు. పెరుగన్నం డబ్బాలు బ్యాగులో పెట్టాడు. ఎవరో తెలిసినవాళ్ళ లగేజీలో మా అమ్మ పంపిన ఆవకాయ సీసా మాత్రం, బట్టలకి అంటుతుందని, పేపర్ చుట్టి సీటు వెనక సందులో దూర్చాడు. నేను చూశా. చూసి కూడా ఏమీ అనలేదు.

బయల్దేరాం. అబ్బబ్బ, ఆ కుదుపులకి నా వెన్నుపూసలన్నీ విడివిడిగా తెలిశాయి! ఓ గంట తిరిగాక ఫోటోల కోసం ఆగాం. దిగి చూద్దును కదా, బండి కింద ఇసుక మీద చుక్కలు. ఎర్రగా, జిడ్డుగా!

"సుధీర్, ఆపెయ్ రా ఇంజిన్! ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, గేర్‌బాక్స్ ఆయిల్!"

"నీకెట్ల తెలుసురా?"

"ఎర్రగా ఉండేది అదొక్కటే. నాలుగేళ్ళు చదివా, ఊరికే రాలేదు డిగ్రీ!"

షాపుకి ఫోన్ చేస్తే, ఉన్న ఒక్క ట్రక్కూ వేరే బండి కోసం వెళ్ళిందట, వచ్చేసరికి సాయంత్రం అవుతుందన్నారు. మరి నా ఇంటర్వ్యూ! సుధీర్ మాత్రం నిమ్మళంగా, "అరేయ్, అన్నం తిందాం రా, ఆకలైతుంది" అన్నాడు.

"బండి చస్తుంటే తిండి గోలేంట్రా నీకు? బ్యాగు ముట్టుకుంటే చంపేస్తా!" అని కసిరా. కాసేపాగి మళ్ళీ అడిగాడు, మళ్ళీ కసిరా. పాపం, చివరికి టైరు నీడలో ముడుచుకుని పడుకున్నాడు.

నాలుగు కావస్తుంటే సిగ్నల్ కోసం ఇసుకదిబ్బ ఎక్కా. నోట్లో ఇసుక, నెత్తిన ఎండ. ఫోన్లో ఇద్దరున్నారు. ఒకావిడ మేనేజర్. ఇంకొకాయన మిస్సిసాగా ఆఫీసు నుంచి రావు గారట, హలో అని ఊరుకున్నారు. మనవాడే అని కాస్త ధైర్యం వచ్చింది. మేనేజరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే, "ఈ మధ్య నువ్వు స్వయంగా కనిపెట్టిన ఫాల్ట్ ఏదైనా చెప్పు" అని!

దేవుడే అడిగించాడనుకున్నా. ఇక అందుకున్నా చూడండి! ప్రస్తుతం ఎడారిలో ఉన్నాననీ, చుక్కల రంగు చూడగానే ట్రాన్స్‌మిషన్ లీకని పట్టేశాననీ, క్షణాల్లో ఇంజిన్ ఆపించి లక్షల విలువైన మెషీన్ కాపాడాననీ ఇంగ్లీషులో దంచేశా. "ఇంప్రెసివ్" అంది ఆవిడ. నిజంగా అంది, నా చెవులారా విన్నా.

అప్పుడు కింది నుంచి కేక.

"అరేయ్! లీకు గీకు ఏం లేదురా! మీ అమ్మ ఆవకాయ! మూత ఊడి నూనంతా కారిపోయింది!"

చూస్తే వాడు ఆకలికి ఆగలేక డబ్బాలు విప్పేశాడు. ఒక చేతిలో సగం ఖాళీ అయిన సీసా. రెండో చేత్తో తాళం తిప్పాడు. బండి బ్రహ్మాండంగా స్టార్టయింది!

నేను ఫోన్ చేత్తో మూశా. మూస్తే ఏం లాభం, ఓరుగల్లు గొంతది!

  హలో అన్నాక మొదటిసారి రావు గారు నోరు విప్పారు, తెలుగులో.

"బాబూ, మరి ఆవకాయ వాసన రాలేదా నీకు?"

అబద్ధమైనా చెప్పాల్సింది. నోరు ఊరుకోదుగా!

"వచ్చింది సర్. పొద్దుటి నుంచి తినలేదు కదా, ఆకలికి అలా అనిపిస్తోందేమో అనుకున్నా."

"ఏమంటున్నాడు?" అని అడిగింది మేనేజరమ్మ.

రావు గారు ఎంతో మర్యాదగా ఇంగ్లీషులో చెప్పారు. "సెన్సర్ బాగానే పనిచేసిందట. ఇంజినీరే పనిచెయ్యలేదు."